కొత్త గొంతు

కంప్యూటరు మెకానిక్కు ఆఫీసులో ఒక బల్లకింద మోకాళ్లమీద కూర్చుని, ఊడిన వైరును బిగిస్తున్నాడు. యాభై దాటిన మనిషి. బట్టతల, బొటనవేలిమీద పాత కాలిన మచ్చ. రోజుకు పది మాటలు కూడా మాట్లాడడని ఆఫీసంతా అతణ్ణి ‘మౌనం మాస్టారు’ అంటుంది.

జేబులో ఫోను అదిరింది. అక్క మెసేజీ. ‘నా నోరు పడిపోయింది. త్వరగా రా.’

గడ్డ లేచిందని డాక్టర్లు అక్క స్వరపేటిక తీసేశారు. అప్పటినుంచి ఆవిడ కంప్యూటరులో టైపు చేస్తే ఒక వెబ్‌సైటు పైకి చదువుతుంది. గొంతు పోయాకే ఆవిడకు మాటలు ఎక్కువయ్యాయి. టీవీలో వార్తలు చదివేవాళ్లకు కూడా జవాబు చెప్పేది. ఇద్దరే ఉండే ఆ ఇంట్లో వినిపించేది ఆ గొంతొక్కటే.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి తెర తెల్లగా ఉంది. బ్రౌజరు మరీ పాతదైపోయిందట. అప్‌డేట్ నొక్కితే, ‘మీ అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారు’ అని వచ్చింది.

అక్క పలకమీద రాసింది: ‘ఎవడు వాడు?’

“నేనే,” అన్నాడు తల దించుకుని. “అప్‌డేట్ చేస్తే గొంతు మారిపోతుందక్కా. ఇది కొంచెం నీ గొంతులా ఉంటుందనీ...”

అక్క పలక తుడిచి మళ్లీ రాసింది: ‘ఏ గొంతైతేనేంరా, నోరంటూ ఉండాలిగా. తియ్యి.’

అతను తను పెట్టిన అడ్డు తీసేసి, మళ్లీ స్టార్ట్ చేశాడు. అప్‌డేట్ నత్తలా పాకి పూర్తయింది. అక్క టైపు చేసింది. పదహారేళ్ల పిల్ల గొంతొకటి గలగలమంది.

“ఎవత్తిరా ఇది, నా నోట్లో దూరింది?”

అతను పకపకా నవ్వాడు. అక్క భుజాలు చప్పుడు లేకుండా కదిలాయి. మళ్లీ టైపు చేసింది.

“నువ్వూ ఏదో ఒకటి మాట్లాడరా. నేనొక్కదాన్నే ఎంతకని వాగను?”

“సాయంత్రం మాట్లాడతాలే,” అని చెప్పులు వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో, పాత మానిటర్లు పడేసే గదిలో, అట్టపెట్టెలో పిల్లి ఈనింది. పెద్ద మేనేజరు కూడా మునివేళ్లమీద నడిచొచ్చి తొంగిచూశాడు. సాయంత్రం ఇంటికొస్తూ, ఇది అక్కకు ఎలా మొదలుపెట్టి చెప్పాలా అని దారిపొడుగునా కూడబలుక్కున్నాడు.

తలుపు తీస్తే రోజూ వినిపించే ‘వచ్చావా’ వినిపించలేదు. బ్రౌజరు మళ్లీ మొరాయించిందనుకుని, నేరుగా కంప్యూటరు దగ్గరికి వెళ్లాడు. అది బాగానే ఉంది. అప్పుడు వెనక్కి తిరిగాడు. కిటికీ పక్క కుర్చీలో అక్క తల భుజంమీదికి వాలి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

కింది అంతస్తు డాక్టరు వచ్చి చూశాడు. “నిద్రలోనే పోయారు. బాధపడి ఉండరు,” అని భుజం తట్టి, చుట్టాలకు ఫోన్లు చేయడానికి బయటికి వెళ్లాడు.

అతను స్టూలు లాక్కుని అక్క ఎదురుగా కూర్చున్నాడు. “అక్కా, ఇవాళ మా ఆఫీసులో పిల్లి ఈనిందే,” అన్నాడు. మేనేజరు మునివేళ్లమీద నడిచిన సంగతి వరకూ చెప్పి ఆగాడు.

ఆవిడ ఒళ్లో అతని నీలం చొక్కా ఉంది. సగం కుట్టిన బొత్తాం నుంచి, దారానికి సూది వేలాడుతోంది.