సైరన్ లేని ఏరు

ఆకాశంలో మబ్బు తునక లేదు. మార్చి ఎండ మాడు పగలగొడుతోంది. ఏటి నడుమ ఇసుక తిన్నె మీద పుచ్చకాయలు తెంపుతున్న ఆడోళ్ళకు ముందు చల్లటి గాలి తగిలింది.

"పానం లేచొచ్చినట్టున్నది" అన్నది చిలుకమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

ఆ గాలి ఎందుకొచ్చిందో తెలిసేసరికి ఇసుక మీద నీళ్ళు పాకుతున్నాయి. రూతు తలెత్తి చూసింది. పొద్దున పాదాలు తడిసీ తడవక దాటొచ్చిన పాయ ఇప్పుడు నురగలు కక్కుతూ ఉరుకుతోంది. పైన డ్యామ్ గేట్లు ఎత్తారు. సైరన్ మోగలేదు.

"నీళ్ళిడిసిన్రు! ఉరుకుండ్రి!"

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దండలాగా పాయలోకి దిగారు. చివరన చిలుకమ్మ. వరసకు వదినయ్యే ఆమె మణికట్టు రూతు చేతిలో ఉంది. మోకాళ్ళ నీళ్ళు నడుముకొచ్చాయి, నడుమునుంచి రొమ్ముకొచ్చాయి. చిలుకమ్మ కాలి కింద ఇసుక జారింది.

"ఇడువకు పిల్లా!"

రూతు విడవలేదు. నీళ్ళే గుంజుకుపోయాయి. ఒడ్డున పడి రొప్పుతున్న రూతు అరచేతిలో చిలుకమ్మ గాజుల పెంకులు గుచ్చుకుని ఉన్నాయి.

మరునాడు శవం దిగువన దొరికింది. ఇసుకగూడెం మొత్తం ఆ శవాన్ని మోసుకుని డ్యామ్ నడిపే కంపెనీ గేటు దగ్గర దించింది. చిలుకమ్మ పెనిమిటి మొండయ్య ఏడవడం లేదు, మాట్లాడడం లేదు. కంపెనీ ఆఫీసరు ఓంప్రకాశ్ గేటు లోపలే నిలబడ్డాడు.

"ఏట్లోకి దిగొద్దని బోర్డు పెట్టాం కదమ్మా."

"నీళ్ళు ఎప్పుడత్తయో మీ బోర్డు చెప్తదా సారూ?" అన్నది రూతు.

"పట్నంలో ఏసీలు ఒక్కసారే ఆన్ అవుతాయి. కరెంటు కావాలని ఫోనొస్తే గేట్లు ఎత్తాలి. అప్పుడు ఊరూరికీ చెప్పే టైమ్ మాకెక్కడిది?"

కూలీ సంఘం రాజక్క ముందుకొచ్చింది. తునికాకు కల్లాల దగ్గర కూలి రేటు కోసం కొట్లాడి జైలుకు పోయొచ్చిన మనిషి. కంఠం ఎప్పుడూ బొంగురే.

"డ్యామ్‌కు పర్మిషన్ ఇచ్చిననాడే షరతు పెట్టిన్రు సారూ. ఒడ్డు మీది ప్రతి ఊర్లె సైరన్ ఉండాలె. గేట్లు మెల్లగ ఎత్తాలె. ముందుగాల డప్పు సాటింపు ఎయ్యాలె. గవేం లేకుండ నీళ్ళిడుసుడు యాక్సిడెంట్ కాదు, సంపుడు."

"రెండో పవర్‌హౌస్ వస్తోంది. అందులో అన్నీ పెడతాం. పబ్లిక్ హియరింగ్ ఉంది, అక్కడ చెప్పుకోండి."

"ఏడ?"

"హనుమకొండలో. సుబేదారిలో."

జనంలో గొణుగుడు లేచింది. డ్యామ్ ఇక్కడ. చచ్చేది ఇక్కడ. అడిగేది మాత్రం మేడారం అడవి దాటి, ములుగు దాటి, గంటలకొద్దీ ప్రయాణం చేసి పోవలసిన చోట!

ఇసుకగూడేనికి నాలుగు దిక్కులూ మూతబడే ఉన్నాయి. ముందు ఏరు. వెనక డ్యామ్ నీళ్ళు మింగిన చెలకలు. పక్కన అటవీశాఖ తవ్విన కందకం. మిగిలిన ఒక్క బాట మీద కంపెనీ గేటు. నొప్పులొచ్చిన ఆడమనిషిని దవాఖానకు తీసుకుపోవాలన్నా ఆ గేటు లేవాలి. ముంపు ఊరని కొత్త బడి కట్టరు. ముంపులో లేదని వేరే జాగా చూపించరు. రాజ్యం ఆ ఊరిని ఉన్నదనీ అనదు, లేదనీ అనదు.

చిలుకమ్మను మట్టి చేసిన సాయంత్రం చర్చి ముందు అందరూ కూడారు. కంపెనీలో టిప్పర్ నడిపే మల్లికార్జున్ లేచాడు.

"జర ఆలోచన చెయ్యుండ్రి. వాళ్ళతోని పెట్టుకుంటే గేటు బందు పెడ్తరు. నా అసొంటోళ్ళ పని పోతది. ఇంత పెద్ద కంపెనీని మనం ఆపుతమా?"

"డ్యామ్ కూలగొట్టుమంటలేం తమ్మీ. మమ్ముల సంపకుండ నడుపుమంటున్నం" అన్నది రాజక్క.

"అయినా పని..."

అప్పటిదాకా నోరిప్పని మొండయ్య తలెత్తాడు. "నీకు పని పోతదని ఫికరు. ఇగ నాకేం పోతది, చెప్పు?"

మల్లికార్జున్ కూలబడ్డాడు. రూతు తన అరచేతిలోని గాట్లు చూసుకుంది.

"నా చేతులకెళ్ళే జారిపోయింది" అన్నది ఏడుస్తూ. "నేనే ఇంకింత గట్టిగ పట్టుకుంటే..."

"నీ చేతులకెళ్ళి కాదే పిచ్చిదానా" రాజక్క ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "గేటెత్తిన చేతులకెళ్ళి పోయింది. ఏడువు. కానీ ఆ నేరం నీ నెత్తిన ఎత్తుకోకు. వాళ్ళకు కావాల్సింది గదే."

హియరింగ్ రోజు పొద్దున కంపెనీ గేటుకు తాళం పడింది. రోడ్డు రిపేరంట. జనం తిరిగి ఇళ్ళకు పోలేదు. ఆడా మగా ఒకరికొకరు చెయ్యందించుకుని కందకం దిగి ఎక్కారు. అడవి దాటి మేడారం రోడ్డు మీదికొచ్చేసరికి అక్కడ టిప్పర్ ఆగి ఉంది. మల్లికార్జున్ ఎవరి మొహమూ చూడకుండా, "ఎక్కుండ్రి" అన్నాడు.

సుబేదారిలో దిగీ దిగగానే పోలీసులు చుట్టుముట్టారు. "మేము మాట్లాడెతందుకు అచ్చినం" అన్నా వినలేదు. హియరింగ్ హాలు లోపలికి టోపీలు పెట్టుకున్న కంపెనీ మనుషులు బస్సుల్లోంచి దిగి పోతూనే ఉన్నారు. వీళ్ళను వ్యాన్లలోకి తోశారు. తీసుకుపోయి ఒక ఫంక్షన్ హాల్లో పెట్టి బయట గొళ్ళెం వేశారు.

నిన్నటి పెళ్ళి బంతిపూలు స్టేజీ మీద వాడి వేలాడుతున్నాయి. ఫ్యాన్లు తిరగడం లేదు. రూతు గోడకు ఆనుకుని కూర్చుంది. ఊర్లో మూసేశారు, పట్నమొస్తే ఇక్కడా మూసేశారు. ఊపిరి అందనట్టనిపించింది. నీళ్ళు రొమ్ము దాకా వచ్చినప్పుడు కూడా ఇట్లాగే అనిపించింది.

మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. సీఐ వచ్చాడు. నేరుగా రాజక్క దగ్గరికి పోయి, "నడువు" అన్నాడు. జనం అడ్డం పడ్డారు. లాఠీలు లేచాయి. మొండయ్య భుజం పగిలింది. రాజక్కను ఈడ్చుకుపోతుంటే ఆమె వెనక్కి తిరిగి, "నేను లేకపోతే మాటలు రావా మీకు?" అని అరిచింది. జీపు పోయింది.

సీఐ మళ్ళీ లోపలికొచ్చాడు. ఈసారి గొంతు మెత్తబడింది.

"అక్కడ మీటింగ్ మంచిగ అయిపోయిందమ్మా. ప్రజలందరు ఒప్పుకున్నరు. ఇగ మీరు పోవచ్చు. వ్యాన్లు పెట్టినం, ఊర్ల దింపుతరు."

కొందరు లేచి నిలబడ్డారు. ఆకలి, దాహం, ఇంటి దగ్గర పిల్లలు. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ తలుపు ఎక్కడికి పోతుందో రూతుకు తెలుసు. గేటు, కందకం, ఏరు. ఇక్కడైతే సర్కారు ఆఫీసులు పక్కనే ఉన్నాయి. తమను ఇక్కడినుంచి పంపాలని ఎందుకింత తొందరపడుతున్నారు? భయపడుతున్నది తామొక్కరే కాదు.

ఆమె లేచింది.

"ఏ ప్రజలు ఒప్పుకున్నరు సారూ? ఏటి ఒడ్డున బతికేటోళ్ళందరం ఈడనే ఉంటిమి గదా."

"లొల్లి చెయ్యకు. పో."

"మేము పోము."

"కేసులు పెడ్త!"

"పెట్టుకో. రాజక్కను తోల్కరా. మీటింగ్ పెట్టిన ఆఫీసర్ను తోల్కరా. మేము చెప్పేది ఆయన చెవుల పడ్డంకనే పోతం."

సీఐ లాఠీ ఎత్తాడు. మొండయ్య వచ్చి రూతు పక్కన నిలబడ్డాడు. ఆ వెనక మల్లికార్జున్. ఆ వెనక తిన్నె మీద పుచ్చకాయలు తెంపిన ఆడోళ్ళు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. జనం ఒక్కో అడుగూ ముందుకేస్తుంటే సీఐ, అతని వెనక కానిస్టేబుళ్ళు ఒక్కో అడుగూ వెనక్కి వేశారు. గడప దాటారు.

రూతు తలుపు మూసి లోపలినుంచి గడియ పెట్టింది.

బయట బూట్ల చప్పుడు, ఫోన్లు, తలుపు మీద గుద్దులు. మగవాళ్ళు పెళ్ళి కుర్చీలు ఈడ్చి తలుపుకు అడ్డం పేర్చారు. రూతు స్టేజీ మీదికెక్కింది. జీవితంలో ఎప్పుడూ ఎక్కని చోటు.

"హియరింగ్ అయిపోలేదు" అన్నది. "గిప్పుడే షురువైతాంది. మొండన్నా, మా వదిన ఎట్ల సచ్చిపోయిందో నువ్వు చెప్పు."

మొండయ్య పగిలిన భుజం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. చిలుకమ్మ పోయిన నాటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే చెప్పాడు. కిటికీ ఊచల అవతల లేడీ కానిస్టేబుల్ వింటూ నిలబడింది. రోడ్డు మీద ఆటోలు ఆగాయి. తలుపు గడియ ఊగుతోంది.

మొండయ్య దిగాడు.

"ఇంకెవలు మాట్లాడుతరు?" అని అడిగింది రూతు.

చేతులన్నీ లేచాయి.