గుట్ట నెత్తిన జెండా

మాది కోటగిరి దిక్కు. మా ఊళ్లో ఎత్తు అంటే చెరుకు బండి మీద పేర్చిన మోపులు, ఇంకా ఎత్తు అంటే బోధన్ ఫ్యాక్టరీ పొగగొట్టం. అలాంటి చదును నేల మీద పుట్టినవాణ్ణి తెచ్చి సర్వేలో ఖలాసీగా పెడితే, ఆరేళ్లు గుట్టల చుట్టూ తిరిగాను. కాలువలు ఎటు తవ్వాలో తేల్చడానికి అప్పట్లో ఊరూరా కొలతలు తీస్తున్నారు. ఇప్పుడు చెప్పేది అరవై రెండు, అరవై మూడు నాటి మాట. గొలుసు లాగడం, రాళ్లకు సున్నం కొట్టడం, సారు గొడుగు మోయడం మా పని. అన్నిటికంటే చెడ్డది జెండా పని. ఎవరో ఒకరు గుట్ట నెత్తికెక్కి జెండా పాతితే, మైలు దూరం నుంచి సర్వేయరు సారు దుర్భిణిలో దాన్ని చూసి లెక్క వేసుకునేవారు.

ఆ జెండా పని మా తోటి ఖలాసీ ఏసయ్యది. ఎందుకంటే మేం ఎక్కం. మా దిక్కు గుట్టకొక దేవర ఉంటాడు. నడుము దాకా ఎక్కి కట్టెలు కొట్టుకోవచ్చు, మేకలు మేపుకోవచ్చు, మెడ దాకా పోయి కొబ్బరికాయ కొట్టి రావచ్చు. నెత్తి మీద మాత్రం కాలు పెట్టరాదు. ఏసయ్య మెథడిస్టు, ఆదివారం చర్చికి పోయే మనిషి. "నీకేం దోషం లేదు గద ఏసన్నా, నువ్ పో" అని జెండా కర్ర ఆయన చేతిలో పెట్టేవాళ్లం. దూరపు కొండలు నునుపంటారు. మాకు దగ్గరివి కూడా నునుపుగానే ఉండేవి, ఎక్కేది ఆయన కదా. నా భక్తిలో సగం బద్ధకం. ఈ ముక్క ఇప్పుడు చెబుతున్నాను గాని అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

సారు గుంటూరు వైపు మనిషి. పుస్తకంలో శిఖరం, కనుమ, లోయ అని రాసుకునేవారు. ఏసయ్య దగ్గర అంతకంటే ఎక్కువ మాటలుండేవి. చెట్టూచేమా లేనిది బోడగుట్ట. మట్టి పేరుకుని లేచింది తిప్ప. బండ మీద వాన నీళ్లు నిలిచే గుంట దొన. ఇక గుట్టకు మనిషికి మల్లేనే కాళ్లు, నడుము, భుజం, మెడ, నెత్తి. "భుజం కాడ మోసపోతరు సారూ. గదే నెత్తి అనిపిస్తది. ఆడికెళ్లి ఇంక గంట నడక ఉంటది" అని ఆయన చెబుతుంటే సారు శ్రద్ధగా రాసుకునేవారు. ఆ మాటలు ఏసయ్య బడిలో నేర్చుకోలేదు. మోకాళ్లు అరగదీసుకుని నేర్చుకున్నాడు.

ఆ ఏడు ధర్పల్లి అవతల గుడారాలు వేశాం. ఏసయ్యకు యాభై ఎనిమిది నిండాయి. ఎడమ మోకాలు గుమ్మడికాయలా వాచింది. పొద్దున్నే ఆముదపాకు వెచ్చచేసి కట్టుకుని పనికి వచ్చేవాడు. ఎండలు ముదరకముందే వచ్చే ఏటి ఖలాసీల జాబితా రాస్తారు. అందులో పేరుంటే ఇంకో ఏడాది పని, లేకుంటే ఇంటి ముఖం పట్టడమే. ఇంటి దగ్గర ఆయన భార్య శారమ్మకు చూపు మందగించి నాట్లకు పోవడం మానేసింది. పిల్లలు లేరు. ఆ ఇద్దరి బతుకు ఆ జాబితా మీద ఉంది.

మిగిలింది ఎర్రగుట్ట ఒక్కటే. సున్నం డబ్బా, నీళ్ల కుండ పట్టుకుని నేను వెంట వెళ్లాను. నా హద్దు మెడ దాకానే.

"గీ ఒక్క గుట్ట ఎక్కితే పేరు నిలుస్తది తమ్మీ" అన్నాడు దారిలో. నడుము దాటాక నడక కుంటుబడింది. రెండడుగులు వేయడం, కర్ర మీద ఆనుకోవడం, మళ్లీ రెండడుగులు. తాడెక్కేవాణ్ణి ఎంతవరకని ఎగదోస్తాం. నాకు చూసి చూసి అలుపొచ్చింది, విసుగొచ్చింది. ఆ విసుగు ఆయన మీదే వచ్చింది, అదీ నా బుద్ధి.

మెడ దగ్గర ఒక బండ మీద కూలబడ్డాడు. మోకాలి కట్టు జారిపోయింది.

"ఇగ నాతోని గాదు."

"జరంత సేపు కూసో. అలుపు తీరినంక పోదువు."

"అలుపు గాదు తమ్మీ. కాలు ముడుసుకుంటలేదు. సారుకు సెప్పు, ఏసయ్యతోని గాలేదని."

ఆయన ఏడవలేదు. గుట్ట కింద పొలాల వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు. ఆరేళ్లుగా ఎన్ని గుట్టలకు ఆ మనిషిని తోలామో లెక్కపెట్టబోయాను. నాకు చాలా సిగ్గేసింది.

"నీ రుమాలియ్యి" అన్నాను.

ఏసయ్య ఎప్పుడూ తలకు ఎర్ర రుమాలు చుట్టేవాడు. మైలు దూరం నుంచి సారు ఆ ఎరుపును చూసే ఆయన్ని గుర్తుపట్టేవారు.

"మరి నీ దేవర?"

"దేవరతోని నేను మాట్లాడుకుంట."

ఏసయ్య రుమాలు విప్పి ఇచ్చాడు. దాన్ని తలకు చుట్టుకుని, జెండా పట్టుకుని, చెప్పులు అక్కడే విడిచి ఎక్కాను. ముప్పై ఏళ్ల కాళ్లు, పావుగంట కూడా పట్టలేదు. అంతే దూరం. పైన గుడి లేదు, విగ్రహం లేదు. పరుపు బండ, దాని మీద ఎండిన మేక పెంటికలు. మేకలకు లేని దోషం మాకెట్లా అంటిందో ఎవరిని అడగాలి? జెండా పాతి, చుట్టూ రాళ్లు పేర్చి, సున్నం చల్లాను. దూరంగా సారు తెల్లగుడ్డ ఊపారు, కనిపించిందని.

అప్పుడు దిగివస్తే సరిపోయేది. కాని నేను నిలబడింది దేవర నెత్తి మీద. తలకు గుడ్డ చుట్టుకుని అట్లాగే వెనక్కి తిరగడానికి ప్రాణం ఒప్పలేదు. మా అవ్వ నేర్పిన పద్ధతి చేతుల్లోనే ఉంది. రుమాలు తీసి చంకన పెట్టుకుని, ఆ బండ మీద సాగిలపడి మొక్కాను.

సాయంత్రం సారు ఇద్దరినీ గుడారం దగ్గరికి పిలిచారు. ఆయన ముందు జాబితా ఉంది.

"జెండా ఎవరు పాతారు?"

"నేనే సారూ" అన్నాడు ఏసయ్య.

"ఈ సర్వే దుర్భిణిలో మనుషులు తలకిందులుగా కనిపిస్తారయ్యా. అయినా దండం దండమే. రుమాలు తీసి సాష్టాంగపడింది నువ్వేనా?"

ఏసయ్య తల వంచుకున్నాడు. సారు చెడ్డవారు కాదు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నీ మోకాళ్ల సంగతి నాకు పోయినేడే తెలుసు. పైకెక్కేవాడివి నువ్వొక్కడివే అని చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నువ్వు లేకపోతే పని ఆగిపోతుందని పైవాళ్లకు రాశాను. ఇప్పుడు నీ పక్కనున్న ఈ నర్సింలు ఎక్కాడు. ఇంకేమని రాయను?"

"నేను మల్ల ఎక్క సారూ. మాకు దోషం" అన్నాను.

"ఒకసారి ఎక్కావు కదయ్యా" అని ఆయన కలంతో ఒక పేరు కొట్టేశారు.

బయటికి వచ్చాం. రుమాలు ఇంకా నా చంకలోనే ఉంది. తీసి ఇచ్చాను. ఏసయ్య దాన్ని తలకు చుట్టుకోకుండా భుజం మీద వేసుకున్నాడు. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

"ఏమని మొక్కినవ్ తమ్మీ?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నీ నౌకరి నిలవాలని."

ఏసయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"శారమ్మకు నువ్వే సెప్పు" అన్నాడు.