ఎదుటి కుర్చీ వంతు

ఆస్ట్రేలియాలోని మాసన్ లేక్స్ యూనివర్సిటీ క్యాంపస్‌లో అనీషా చదివేది కంప్యూటర్లు. మార్కులు తేలిగ్గా పడతాయని ఎవరో చెబితే సినిమా చరిత్ర కూడా ఒక సబ్జెక్టుగా తీసుకుంది. ఆ ఎవరో ఇప్పుడు కనిపిస్తే నాలుగు తగిలించాలని ఉంది ఆమెకు.

ఆ రోజు క్లాసులో నూరేళ్లనాటి మూకీ సినిమా వేశారు. సముద్రం మీదికి వెళ్లిన మొగుడు తిరిగిరాడు. భార్య రోజూ అతని కుర్చీతో మాట్లాడుతుంది. ఒక మాట అని, కుర్చీ బదులు చెప్పేంతసేపు ఆగుతుంది. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఈ కాలపు కొలతలతో దీన్ని తూచి చెప్పమన్నాడు లెక్చరర్. కళ్లు అంతలేసి చేసుకుని ఎవరేడుస్తారన్నారొకరు. ఆవిడకు మతి చలించిందని తేల్చారు ఇంకొకరు. పక్కనున్న వరంగల్ అమ్మాయి సాహిత్య అనీషా వైపు వంగింది. ఇక్కడికొచ్చాక అనీషాతో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. వచ్చే శనివారం తన గదికి భోజనానికి కూడా పిలిచి ఉంది.

“నువ్వే చెప్పు, ఎవరన్న గిట్ల చేస్తరా?”

ఊ అంటే సరిపోయేది. అనీషా నోరు ఊరుకోలేదు.

“నేను చేస్తాను,” అంది. గొంతు కాస్త పెద్దదే అయింది. అది లెక్చరర్ చెవిన పడింది. అదేమిటో అందరికీ ఇంగ్లీషులో చెప్పమన్నాడు.

పాలకొల్లులో వాళ్లింట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన. వంతు ప్రకారం ఒక్కొక్కరూ బైబిల్లోంచి ఒక కంఠత వాక్యం చెప్పాలి. ముందు నాన్న, తర్వాత అమ్మ, తర్వాత తను, చివర తమ్ముడు ఎబెన్. ఇక్కడ సాయంత్రమయ్యేసరికి అక్కడ మధ్యాహ్నం, ఎవరి పనుల్లో వాళ్లుంటారు. అందుకని అనీషా తన గదిలో నాన్న వాక్యమంతసేపు ఆగుతుంది, అమ్మ వాక్యమంతసేపు ఆగుతుంది, తనది చెబుతుంది. ఎబెన్ ఎప్పుడూ తడుముకుంటాడు గనక వాడికి ఇంకాస్త వ్యవధి ఇచ్చి ఆమెన్ అంటుంది. రోజంతటిలో ఆ కాసేపే ఆమెకు బెంగ ఉండదు.

ఇదంతా తడబడుతూ ఇంగ్లీషులో చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. లెక్చరర్ మంచివాడు, క్లాసయ్యాక పక్కకు పిలిచి కౌన్సెలింగ్ వాళ్ల ఫోన్ నంబరున్న కార్డు చేతిలో పెట్టాడు. సాహిత్య చంటిపిల్లను బుజ్జగించినట్టు భుజం నిమిరింది.

“ముందుగాల వాళ్లతోని మాట్లాడు అనీషా. సాటర్డే రెస్ట్ తీస్కో, మనం మళ్లెప్పుడన్న కలుద్దాం.”

ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చుని, నాన్న వంతు కోసం ఆగబోయింది. ఆగేసరికి తను అచ్చం ఆ సినిమాలో ఆడమనిషిలా కూర్చుందని తోచింది. క్లాసు నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. సిగ్గేసింది. గబగబా తన వాక్యం ఒక్కటీ చెప్పి ఆమెన్ అనేసింది.

ఊరు విడిచి వచ్చాక ఆ గదిలో ఆమె ఒంటరిదైంది ఆ సాయంత్రమే.