యోసేపుగారి విరిగిన చెయ్యి

మా వీధి వడ్రంగి చెక్కిన చిలకను కొరకబోయి ఓ పిల్లి పళ్లూడగొట్టుకుంది. నమ్మకపోతే పిల్లినే అడగండి. అంతటి పనివాడు కనుకే, పునీత యోసేపు పండుగ ముందు ఫాదరుగారు చర్చిలోని ఆయన చెక్క విగ్రహాన్ని బాగుచెయ్యమని అతనికి అప్పగించారు.

"తండ్రంటే ఈయనలా ఉండాలని ప్రసంగం చెప్పాలయ్యా. తీరా చూస్తే బాలయేసును పట్టుకున్న చెయ్యే విరిగింది."

వడ్రంగి ఎన్నిసార్లు చెక్కినా ఆ చెయ్యి కుదరలేదు. భార్య చూసి నవ్వింది.

"దొంగను పోలీసు పట్టుకున్నట్టుంది. ఇంట్లో కూతురుందిగా, దాని చెయ్యి పట్టుకుని చూసుకో."

అతను కూతుర్ని పిలిచాడు. "చెయ్యి ఇలా ఇవ్వు."

ఆ చిన్నపిల్ల గబగబా గౌనుకు చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ తిప్పి చూపించింది.

"నీ ఉలి నేను ముట్టుకోలేదు నాన్నా. ఒట్టు."

ఇన్నాళ్లూ తను ఆ చేతులు అడిగింది తప్పు పట్టడానికేనని అతనికి అప్పుడు తట్టింది. తల వంచుకుని, మెల్లగా ఒక చెయ్యి అందుకున్నాడు.

"ఇంకా ఎంతసేపు నాన్నా?"

"కొలత అవలేదమ్మా."

కొలత ఎప్పుడో అయిపోయింది. పిల్ల మొహం చూడ్డానికి అతని తలే ఇంకా లేవలేదు.