దీక్షిత గదిలో కందిరీగలు

"ఆ డబ్బాలు ఇంట్లో వద్దు పాపా. మూత ఊడితే మన గతేంది?" అన్నాను, నా కూతురు దీక్షిత ఇంకా చెప్పులైనా విప్పకముందే.

"నిన్నేం చెయ్యవు మా. నువ్వేమన్నా ముక్కుపురుగువా?" అని నవ్వింది.

పురుగుల మీద పరిశోధన చేసే దాని ఆఫీసులో ఏసీ చెడిపోయిందట. అందుకని డబ్బాలు కోసపాళయంలోని మా ఇంటికి, దాని గదికి వచ్చాయి. ముకుందన్ అనే రైతు ఆవులకని వేసిన లూసర్న్ మేతను ముక్కుపురుగులు జల్లెడ చేసేశాయి. సన్న కందిరీగ ఆ పురుగు పిల్లలో గుడ్డు పెడుతుంది. లోపల పుట్టింది దాన్ని తినేసి, గూడు కట్టుకుని, కందిరీగై బయటికొస్తుంది. శనివారం వాటిని చేలో వదలాలి. దీక్షిత రెండేళ్ళ చాకిరీ, ఉద్యోగం నిలిచేది దానిమీదే.

ఇదంతా వినకుండా ఉంటే బాగుండేది. డబ్బాల్లోని ఆ గూళ్ళు ఊరికే ఉండవు. లోపలిది తన్నుకుంటే గూడు ఎగిరి మూతకు తగులుతుంది. వంటింట్లో ఉన్నా టిక్కు టిక్కుమని వినిపించేది. దీక్షిత కడుపులో ఉన్నప్పుడు తన్నినట్టే నా డొక్కలో ఏదో కదిలేది. పిల్ల చూస్తే అన్నం కెలికి లేచిపోతోంది, చిక్కిపోతోంది. దాన్ని లోపల్నుంచి ఏది తింటోందో అనిపించింది. ఎవరితో చెప్పుకోను?

శుక్రవారం సాయంత్రం ఇల్లంతా సాంబ్రాణి వేస్తాం. తన గదికి మాత్రం పొగ తేవద్దని దీక్షిత ముందే చెప్పింది. అయినా వెళ్ళాను. గాలి కోసం డబ్బాలకు కట్టిన గుడ్డల మీదే పొగ పట్టి, తలుపు మూశాను. కాసేపటికి చప్పుడు ఆగింది. అప్పుడు ఇంకా భయం వేసింది.

దీక్షిత వచ్చి గది తలుపు తీసింది. అప్పటికే బయటికొచ్చిన కందిరీగలు డబ్బాల అడుగున నల్ల నువ్వుల్లా పడి ఉన్నాయి.

"ఎవురు మా ఈడికి వచ్చింది?"

"నేనే పాపా. తెలీక వేసింది కాదు. చావాలనే పెట్టినా."

అది నేల మీద కూర్చుంది. కాఫీ పెట్టి పక్కన ఉంచితే మీగడ కట్టింది. ఫోన్‌లో ముకుందన్ పేరు వెలిగి, మోగి మోగి ఆగిపోయింది. భూతద్దం పట్టుకుని ఒక్కో గూడూ చూస్తూనే ఉంది.

"ఏదన్నా అను పాపా. తిట్టు."

చివరి గూడు కూడా చూసి, తలెత్తకుండానే అంది.

"గూట్లో ఉండేటివి సావలేదు మా, కదలతానే ఉండాయి. వాటినే రేపు తీసుకుపోతా. పొద్దుటిదాకా నేనీడే పండుకుంటా. నువ్వు తలుపుకు అవతలే ఉండు."