పత్తి దువ్విన దవడ

నేను ఒక వాలుగ చేప దవడను. పూర్తి దవడను కూడా కాదు, అందులో సగం ముక్కను. గోదావరిలో బతికున్నన్నాళ్లూ నోటికి అందిందల్లా మింగడం తప్ప మరో విద్య నేర్వలేదు. ఒకరోజు వలలో పడ్డాను. ఒళ్లు పులుసులోకి పోయింది. దవడను మాత్రం ఎండబెట్టి, చిన్న పుల్లకు కట్టి, పొందూరు పక్క ఊళ్లో నూలు వడికే మహలక్ష్మమ్మ చేతిలో పెట్టారు. బతికుండగా ఎవరికీ పనికిరానివాణ్ణి, చచ్చాక ఉద్యోగస్తుణ్ణయ్యాను.

నా ఉద్యోగం దువ్వడం. అక్కడ కొండపత్తి అని ఒకటి పండుతుంది. కాయ చిన్నది, పోగు పొట్టి, గింజను పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నా సన్నటి పళ్లతో ఒక్కో గింజ చుట్టూ దూదిని దువ్వి, నలుసులు తీస్తే తప్ప సన్న నూలు రాదు. రైతుల పొలాలు, ఆడవాళ్ల రాట్నాలు, వీధి చివరి మగ్గాలు అన్నీ ఆ పొట్టి పత్తి మీదే నడిచేవి. తాతలనాటి నుంచి ఆ ఊళ్లకు అన్నం పెట్టిందీ, పేరు తెచ్చిందీ అదే. నేను మాత్రం ఆ గొప్పంతా నాదే అనుకునేవాణ్ణి. వీధిలో ఎవరైనా ఖద్దరు పంచె కట్టుకుని పోతుంటే, అది నా పంచేనని మురిసిపోయేవాణ్ణి.

ఏటేటా రైతులు పెద్దకాయ సంకరపత్తికి మారిపోయారు. చివరికి మా చుట్టుపక్కల కొండపత్తి వేసేవాడు దాలినాయుడు ఒక్కడే మిగిలాడు. ఒకనాటి పొద్దున్న అతను పత్తి గంప తెచ్చి మహలక్ష్మమ్మ అరుగు మీద దించి, తల గోక్కున్నాడు.

"తప్పైపోనాది అప్పా. కొండపత్తీ, సంకరపత్తీ ఒకే గదిలో పోసీసినాను. కలిసిపోనాయి. సూసుకోకుండా సగం గింజలు తీసే మరకి తోలీసినాను. మిగిలింది ఇదే."

"మరి ఇత్తనమో?"

"ఏదున్నా ఈ గంపలోనే ఉన్నాది. నానింక ఈ పత్తి మానీసినట్టే."

మహలక్ష్మమ్మ ముఖం పాలిపోయింది. విత్తనం పోతే వచ్చే ఏడే కాదు, ఇక ఏ ఏడూ కొండపత్తి ఉండదు.

"మానీడానికి మనసెలాగొచ్చినాది నాయుడా? మా రాట్నాల మీద ఏటి వడకమంటావు, గాలా? కొండపత్తి గింజలు నానే ఏరి ఇత్తాను. నువ్వు ఎయ్యాల."

"రెండూ తెల్లగానే ఉన్నాయి కదా, ఎలాగ పోలుత్తావు?"

"సేతికి తెలుత్తాది."

ఎనిమిది రోజులు ఆమె మరో పని ముట్టుకోలేదు. నా పళ్లకు పెట్టి లాగినప్పుడు దూది సులువుగా జారితే సంకరం, మొండికేస్తే కొండపత్తి. అసలు గింజ ఏదో తేల్చే న్యాయమూర్తిని నేనేనని తెగ నిక్కాను. మూడో రోజున రెండు పళ్లు ఊడినా నా దర్జా తగ్గలేదు. ఐదో రోజున గమనించాను. ఆమె కళ్లు మూసుకుని పని చేస్తోంది. గింజ నా దాకా రాకముందే ఆమె వేళ్లు తీర్పు చెప్పేస్తున్నాయి. నేను న్యాయమూర్తిని కాను, పక్కన నిలబడి తలాడించే బంట్రోతుని.

గంప అడుగు కనిపించేసరికి నా నోట్లో ఒక్క పన్నూ మిగల్లేదు. చేటలో మాత్రం రెండు దోసిళ్ల కొండపత్తి గింజలు ఉన్నాయి. వాటిని చూస్తే నాకు ఏడుపొచ్చింది. జన్మలో మొదటిసారి, నా నోటికి అందిన దాన్ని మింగకుండా మిగిల్చాను.

మహలక్ష్మమ్మ ఆ గింజల్ని గుడ్డలో మూటకట్టింది. పుల్ల నుంచి ఊడి చేటలో పడున్న నన్ను గమనించక, నన్నూ కలిపి కట్టేసింది. తొలకరి పడగానే దాలినాయుడు మూట విప్పి చాళ్లలో గింజలు వేశాడు. మబ్బు మళ్లీ కమ్ముకొస్తోందన్న తొందరలో, ఆఖరి గుప్పెటతో పాటు నన్నూ వేసి మట్టి కప్పేశాడు.

వారం తర్వాత మహలక్ష్మమ్మ గొంతు గట్టు మీద నుంచి వినిపించింది.

"నాయుడా, మొలిసినాయి! సూడు, అన్నీ మొలిసినాయి!"

అన్నీ కాదు. ఆమెను నిరాశపరచడం ఇష్టం లేక, వారం రోజులూ నేనూ నా శాయశక్తులా ప్రయత్నించాను.