నాలుగు వేల మాటల కింద ఎర్రగీత

1999లో మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర ఒక బట్టల దుకాణం పైన చిన్న గది ఉండేది. అందులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక టెలిఫోను. మెట్ల దగ్గర బోర్డు మీద 'ఖమర్ కంప్యూటర్స్: పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, ఇంటర్నెట్' అని రాసి ఉండేది. ఖమర్‌ది దర్జీల కుటుంబం. తండ్రి షరీఫ్ కుట్టు మిషను మీద సంపాదించిందంతా పెట్టి కొడుకును హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చదివించాడు. ఖమర్ చదువు అయిపోగానే తిరిగొచ్చి ఈ గది కిరాయికి తీసుకున్నాడు. అతని దగ్గర టైపు చేసేది ఆండాళు. కోస్గి నేతగాళ్ళ బిడ్డ. తెలుగు ఎం.ఏ. చదివింది, ఉద్యోగం రాలేదు, టైపింగ్ నేర్చుకుంది.

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలు కనిపించేవి కావు. డాలరు గుర్తులు, చుక్కలు, అడ్డగీతలు వచ్చేవి. సొంతంగా పేజీ తయారు చేసుకునేవాళ్ళ పాట్లు చెప్పనక్కర్లేదు. ఒక కంప్యూటర్‌లో రాసింది ఇంకో కంప్యూటర్‌లో చదవడానికి వచ్చేది కాదు. ఇది చూసి చూసి విసుగెత్తి ఖమర్ బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాడు. తగిలిస్తే బ్రౌజర్ పైభాగంలో మూడు బొత్తాలు వచ్చేవి. మొదటిది నొక్కితే పేజీ శుభ్రంగా తెలుగులో కనిపించేది. రెండోది నొక్కి పేజీలో ఏ రంగు మీద బాణం గుర్తు పెట్టినా ఆ రంగు నంబరు చెప్పేది. పేజీలు అలంకరించేవాళ్ళకు అది చాలా అవసరం. మూడోది, రాస్తున్న పేజీలో తప్పులున్న చోట ఎర్రగీత గీసేది.

ఆ మూడో బొత్తం ఆండాళుది. ఏ మాట తప్పో ఏది ఒప్పో యంత్రానికి తెలియదు. ఒప్పు మాటల జాబితా ఇవ్వాలి, అందులో లేనిదల్లా దానికి తప్పే. ఆ జాబితా తయారు చేయడానికి ఆండాళుకు ఏడాదిన్నర పట్టింది. చెడిపోయిన పెళ్ళి పత్రికల వెనక రాసుకునేది. ముందు నిఘంటువులు తిరగేసింది. వాటిలో తన ఇంట్లో మాట్లాడే మాటలు సగం లేవు. కాబట్టి కోస్గి బస్సులో పక్క సీటు వాళ్ళ నోట విన్నవి, గాజులమ్మే లాల్ బీ అన్నవి, తల్లి లక్ష్మీనర్సమ్మ నూలు కండెలు చుడుతూ అన్నవి, అన్నీ ఎక్కించింది. జర, ఫికర్, జాగా, దవాఖాన, గిట్ల, గట్ల, బాపు. లెక్క ఇరవై రెండు వేలకు వచ్చింది.

హైదరాబాదు కంపెనీ ఒకటి దీని సంగతి విని మనిషిని పంపింది. పేరు చక్రధర్. మర్యాదస్తుడు. ప్రోగ్రాం చూసి నిజంగానే మెచ్చుకున్నాడు. సీడీ మీద వేసి రాష్ట్రమంతా పంచుతామన్నాడు. ఖమర్ కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఆండాళును ఎవరూ ఏ సంతకమూ అడగలేదు. ఆమెకూ పట్టింపు లేదు. రాష్ట్రంలో ఏ మూల ఎవరు పేజీ రాసుకున్నా తన మాటలు వాళ్ళ వెనక నిలబడతాయన్న సంతోషమే ఆమెకు చాలు.

అక్టోబరులో సీడీ విడుదల మహబూబ్‌నగర్‌లోనే పెట్టారు. బస్టాండు దగ్గరి ఒక హోటల్ పై హాలు. టీచర్లు, విలేకరులు, కంప్యూటర్ సెంటర్ల వాళ్ళు కలిసి యాభై అరవై మంది వచ్చారు. గోడ మీద పెద్ద తెర. చక్రధర్ మొదటి బొత్తం నొక్కి చూపించాడు, రెండోది చూపించాడు. చప్పట్లు పడ్డాయి.

"ఇప్పుడు మూడోది. ఈ పదాల పనిలో మాకు సాయం చేసిన ఆండాళు గారు ఇక్కడే ఉన్నారు. రండమ్మా, మీకు తోచింది నాలుగు ముక్కలు రాయండి."

సాయం చేసిన, అన్న మాట ఆమెకు కొంచెం గుచ్చుకుంది. అయినా లేచి వెళ్ళి కూర్చుంది. ఏం రాయాలో ఆలోచించలేదు. చేతికి వచ్చింది కొట్టింది.

"మా బాపు గండయ్య కోస్గిల మగ్గం నేస్తడు. మొన్న జర పానం బాగలేక దవాఖానకు పోయిండు."

బొత్తం నొక్కింది.

మొదటి గీత 'బాపు' కింద పడింది. తరువాత 'కోస్గిల', 'నేస్తడు', 'జర', 'పానం', 'దవాఖానకు', 'పోయిండు'. తెర మీద ఆమె రాసింది నెత్తుటి చారలు పడ్డట్టు నిలబడింది. ఆండాళు తాను ఏదో తప్పు నొక్కాననుకుంది. మళ్ళీ నొక్కింది. గీతలు కదల్లేదు. 'బాపు' మీద బాణం గుర్తు పెట్టి చూస్తే పక్కన చిన్న గడిలో 'నాన్న' అని సలహా వచ్చింది. 'జర' మీద పెడితే 'జ్వరం' అని వచ్చింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందు వరస దాకా పాకింది.

చక్రధర్ కూడా నవ్వాడు. "చూశారా! ఎన్ని దోషాలో! ఒక్కటి కూడా వదల్లేదు. ఆవిడ మనకు చక్కటి ఉదాహరణ ఇచ్చారు."

ఆండాళు లేచి నిలబడింది.

"ఏది దోషం సార్?"

"అదేనమ్మా, ఆ గీతలు పడ్డవి."

"గవన్నీ నేను రాసిచ్చిన జాబితల ఉన్నయ్. ఎవరు తీసిండ్రు?"

చక్రధర్ గొంతు తగ్గించాడు. "మేమే కొంచెం శుభ్రం చేశాం. మాట్లాడుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ రాతలో ఒక ప్రమాణం ఉండాలి కదా. తర్వాత మాట్లాడుకుందాం, కూర్చోండి."

"శుభ్రం చేసిండ్రా?" ఆమె గొంతు మాత్రం తగ్గలేదు. "అంటే మావి మురికి మాటలా? ఎన్ని తీసిండ్రు?"

"సుమారు నాలుగు వేలు."

"నాలుగు వేలు! నన్ను ఒక్క మాట అడిగిండ్రా? ఏడో తరగతిల 'మా బాపు' అని రాస్తే పంతులు బెత్తంతోని కొట్టిండు సార్. ఆయన ఒక్క బడిలనే కొట్టిండు. మీరు మిషన్‌తోని రాష్ట్రమంతా కొట్టిస్తున్నరు. అదీ నా చేతులతోని చేసిన మిషన్!"

ముందు వరసలో భీమయ్య అనే తెలుగు మాస్టారు లేచాడు. "ఆమె అన్నదాంట్ల తప్పేముంది? రేపు మా పిల్లలు గిది ముంగటేసుకొని రాస్తే పేజీ అంతా ఎర్రగైతది. ఇగ వాళ్ళు రాస్తరా? చేతులు ముడుసుకుంటరు."

చక్రధర్ ఏదో సర్దిచెప్పబోయాడు. ఆండాళు వినలేదు. సంచి తీసుకుని మెట్లు దిగింది. ఖమర్ వెనకే పరిగెత్తి వచ్చాడు.

"ఆండాళూ, ఆగు. జర ఆగు."

ఆమె ఆగి అతని ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆమెకు అక్కడే అర్థమైంది.

"నీకు ఎర్కనే గదా, ఖమర్ భాయ్?"

అతను తల దించుకున్నాడు. "నెల కింద చెప్పిండ్రు. ఒప్పుకోకపోతే సీడీ ఎయ్యనే ఎయ్యం అన్నరు. పోతే పోనీ, మిగిలిన పద్దెనిమిది వేలన్న ఉంటయ్ గదా అనుకున్న. నీకెట్ల చెప్పాల్నో సమజ్ కాలే."

"నెల రోజులు నా పక్కనే కూసుంటివి. నా డబ్బల అన్నం తింటివి. నోరు రాలేదా? మీ అమ్మీకి పానం బాగలేకుంటే నువ్వు యాడికి తోల్కపోతవు? దవాఖానకే గదా! గది గూడ తీసిండ్రు. నీ నోట్లెది గూడ తీసిండ్రు, నువ్వు సంతకం వెట్టినవ్."

ఆమె కోస్గి బస్సెక్కింది.

ఇంటికి చేరేసరికి గండయ్య మగ్గం గుంటలో కూర్చుని తెగిన పోగు అతుకుతున్నాడు. ఆండాళు నిలబడే జరిగిందంతా చెప్పింది. లక్ష్మీనర్సమ్మ రాట్నం ఆపి వింది. గండయ్య పోగు ముడివేసి, తీరిగ్గా అడిగాడు.

"అయితే ఏమనాల్నంట బిడ్డా?"

"నాన్న అనాల్నంట."

"అట్లనే అను మరి. సదువుకున్నోళ్ళు చెప్పిండ్రంటే ఏదో ఉంటది. పిలుపుల ఏముంది? నువ్వు ఏమని పిలిసినా నేను పలుకుత."

హాలులో పుట్టిన కోపం దీని ముందు ఏ మూలకూ రాదు. చక్రధర్ తీసేసినందుకు కాదు, ఇంత తేలిగ్గా బాపు ఆ పిలుపును వదిలేసినందుకు ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను అనను," అని అరిచింది. "నువ్వు చెప్పినా అనను బాపూ! ఎందుకు దించుతవు తల? ముప్పై ఏండ్లు నేసినవ్, ఒక్క పోగు తప్పు పోలే. గా మనిషి చెప్పంగనే నీ పేరే తప్పనుకుంటవా?"

గండయ్య బిత్తరపోయి చూశాడు. లక్ష్మీనర్సమ్మ మెల్లగా అంది, "అరువకు బిడ్డా. ఆయనతోని కొట్లాడితే ఏమొస్తది? కొట్లాడాల్నంటే ఆ ఊరు పోయి కొట్లాడు."

మరునాడు పొద్దున మొదటి బస్సుకే ఆండాళు మహబూబ్‌నగర్ వచ్చింది. గది తెరిచే ఉంది. ఖమర్ ప్రింటరు ముందు కూర్చుని ఉన్నాడు. కంపెనీ జాబితాను, పాత జాబితాను కంప్యూటర్‌లో పోల్చి, తీసేసిన మాటలన్నీ అచ్చు వేస్తున్నాడు. నాలుగు వేల మూడు వందల పదహారు. కాగితం మడతలు మడతలుగా నేల మీద పేరుకుంది.

ఆండాళు ఒక కొస పట్టుకుని లాగి అతని చేతిలో పెట్టింది. "సదువు. గట్టిగ సదువు. ఒక్కటి గూడ వదలకు."

ఖమర్ చదివాడు. ఒక్కో మాటకు ఆమె తను రాసుకున్న పాత పెళ్ళి పత్రికల మీద టిక్కు పెట్టింది. మగ్గం మాటలు పోయాయి, వంట మాటలు పోయాయి, తిట్లు పోయాయి, ముద్దు మాటలు పోయాయి. మధ్యాహ్నం దాటాక ఖమర్ ఒక మాట దగ్గర ఆగిపోయాడు. 'ఖైరియత్.' క్షేమమేనా అని. తండ్రి షరీఫ్ ప్రతి రోజూ తన కుట్టు దుకాణానికి వచ్చినవాళ్ళను ముందు అడిగేది అదే. ఖమర్ ఆ మాటను రెండుసార్లు చదివి, కాగితం ఒళ్ళో పెట్టుకుని, "తప్పు చేసిన ఆండాళూ," అన్నాడు.

"చేసినవ్. సదువు."

సాయంత్రం చక్రధర్‌కు ఫోను చేసింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "కోపంలో ఉన్నారు. నేనో మార్గం చెప్తాను. వచ్చే సీడీలో 'మాండలికం' అని విడిగా ఒక భాగం పెడదాం. కావాల్సినవాళ్ళు అది నొక్కుకుంటారు."

"మీ మాటలకు ఏం పేరు వెడ్తరు సార్?"

"మావాటికా? అవి మామూలు తెలుగే కదమ్మా."

ఆమె ఫోను పెట్టేసింది. తరువాత ఖమర్ వైపు తిరిగింది. "గీ ప్రోగ్రాంల మనం ఏమన్న మార్చొచ్చా?"

"మార్చొద్దు. అది ఇప్పుడు వాళ్ళది, రాసిచ్చిన. కానీ..." అతను కుర్చీలో ముందుకు వంగాడు. "ఎవరి పేర్లు వాళ్ళు, ఊర్ల పేర్లు వాళ్ళు చేర్చుకోవాలె గదా అని సొంత మాటల కోసం ఒక జాగా పెట్టిన. ఆడ ఏ ఫైలు పెట్టినా ప్రోగ్రాం సదువుకుంటది. దానికి ఎవరి ఇజాజత్ అవసరం లేదు. నీ జాబితకైతే నువ్వు ఏడ సంతకం వెట్టినవ్?"

ఆ వారం రోజులు పెళ్ళి పత్రికల పని ఆగిపోయింది. నాలుగు వేల మూడు వందల పదహారు మాటలూ ఒక ఫ్లాపీలోకి ఎక్కాయి. ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో ఒక కాగితం మీద ఆండాళు వివరంగా రాసింది. ఫ్లాపీ మీద అంటించిన చీటీలో ఖమర్ ఆమె పేరు ఒక్కటే వేశాడు. తన పేరు వేసుకోలేదు. ఆమె కూడా వేయమనలేదు. కంపెనీ సీడీ కొన్నవాళ్ళు కోస్గి నుంచి, షాద్‌నగర్ నుంచి వచ్చి ఫ్లాపీ పట్టుకుపోయారు. భీమయ్య మాస్టారు వచ్చి, మా బడిలో కంప్యూటర్ లేదు, నాకు కాగితాలే ఇయ్యమని ఆ మడతల కట్టంతా చంకలో పెట్టుకుపోయాడు.

మరుసటి ఏడు కొత్త సీడీ వచ్చింది. ఆండాళు మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆమె పేరు ఎక్కడా లేదు. ఎర్రగీత పోయి వాటి కింద 'మాండలికం' అని చెప్పే ఆకుపచ్చ గీత వచ్చింది. చక్రధర్ తనే ఫోను చేశాడు.

"ఇప్పుడు సంతోషమేనా అమ్మా?"

"రంగు మార్చమని ఎవరడిగిండ్రు సార్? గీత తియ్యమన్న."

"మీకు ఎంత చేసినా తృప్తి ఉండదు," అన్నాడాయన, మొదటిసారి విసుక్కుంటూ.

"అవును సార్, ఉండదు," అంది ఆండాళు.

ఆదివారం ఆమె కొత్త నోటు పుస్తకం కొనుక్కుని నారాయణపేట వైపు బస్సెక్కింది. అటువైపు నేతగాళ్ళ మాటలు తన జాబితాలో చాలా తక్కువని ఆ ఉదయం జాబితా తిరగేస్తుంటే తెలిసింది. సీటు దొరకలేదు. కండక్టరుతో గట్టిగానే పోట్లాడి, ఇంజను పక్కన మూటల మీద కూర్చుని, పక్కన ఎవరో ముసలామె మనవడిని తిడుతుంటే చెవి అటు పెట్టి రాసుకోవడం మొదలుపెట్టింది.